ఏడో నెంబరు టేబులు

కిందటి వారం రుక్సార్‌ను ఆదోని బస్టాండులో దింపి వదిలేశాం. చేతిలో ఒక సంచి, ఆ సంచి అడుగున నలిగిపోయిన మెనూ కార్డు. విశాఖపట్నం బీచి రోడ్డులో ‘కెరటం’ అనే ఖరీదైన రెస్టారెంటులో రెండో చెఫ్ ఆమె. తన ఊరి తిండితో ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డించే ఏడు వరసల విందు ఒకటి నాలుగు నెలలు కష్టపడి తయారుచేసింది. తీరా కార్డు అచ్చయి వచ్చాక, తన పేరుండాల్సిన చోట పెద్ద చెఫ్ రాజశేఖర్ పేరు కనిపించింది. ఏప్రన్ విప్పి ఆయన ముందు పడేసి, “ఈ విందు ఎట్లా జరుగుతుందో నేనూ చూస్తా” అని నలుగురు వింటుండగా అనేసి వచ్చేసింది. కోపంలో నోరు జారిన మాట. ఆ మాట ఇంత తొందరగా తన మెడకే చుట్టుకుంటుందని ఆమె అనుకోలేదు.

ఆ విందు మొదటి వడ్డన ఈ ఆదివారం మధ్యాహ్నమే. పన్నెండున్నరకు తలుపులు తీస్తారు. పొద్దుటి నుంచి కూతురు గోడ గడియారం వైపు చూడటం, చూడనట్టు నటించడం తల్లి ఖాతూన్ బీ గమనిస్తూనే ఉంది. చివరికి పదకొండింటప్పుడు, “ఎమ్మిగనూరు పోయి భీమమ్మ తాన కారం తీస్కరా పో బేటీ. ఇంట్లో అయిపోయింది” అని చెప్పి పంపించింది. డబ్బాలో కారం సగానికి పైనే ఉంది. రుక్సార్ అది చూసింది, అయినా బస్సెక్కింది.

భీమమ్మ కారం మిల్లు మగ్గాల వీధి చివర ఉంది. రేకుల షెడ్డు, అందులో పడిలేచే నాలుగు ఇనప రోకళ్లు, గడపకు పది అడుగుల అవతలే మొదలయ్యే తుమ్ములు. ఈ చుట్టుపక్కల పెళ్లి కుదిరిందంటే బంధువులకు చెప్పడం మరిచిపోయినా పోతారు గాని, భీమమ్మకు చెప్పడం మాత్రం మరవరు. బ్యాడిగి మిరపకాయలతో ఆమె దంచిన కారం ఏడాది నిలవున్నా రంగు దిగదు. ‘కెరటం’ విందులో మూడో వరసకు ప్రాణం ఆ కారమే.

మూడో వరస ఉగ్గాణి, బజ్జీ. బొరుగులు, అంటే మరమరాలు, తడిపి, తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లి చేసే ఉగ్గాణిని మా వైపు కాగితం ముక్కలో పొట్లం కట్టిస్తారు. నిలబడి తినేసి, ఆ కాగితంతోనే చెయ్యి తుడుచుకుని పోతాం. ‘కెరటం’లో అదే ఉగ్గాణిని నల్లరాతి గిన్నెలో నాలుగంటే నాలుగు చెంచాలు పెట్టి, బొటనవేలంత మిరపకాయ బజ్జీని దాని మీద నిలబెట్టి, గిన్నె అంచు వెంబడి కారం కలిపిన వెన్నను కుంచెతో గీస్తారు. ఎదురుగా అద్దాల గోడ, దాని అవతల సముద్రం. అతిథుల ఫోన్లు గుమ్మం దగ్గరే వెదురు బుట్టలో పెట్టించుకుంటారు. ఏ గోలా లేకుండా అలలు చూస్తూ తినాలట! వంటింటి వాళ్ల ఫోన్లను చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పెద్ద చెఫ్ ఫోను ఒక్కటే ఆయన జేబులో ఉంటుంది. చేరిన కొత్తలో ఈ ఏర్పాటు చూసి రుక్సార్ ఎంత ముచ్చటపడిందో!

ఆమె మిల్లులో అడుగుపెట్టేసరికి పన్నెండూ యాభై.

“ఏమ్మే రుక్సారూ, ఎప్పుడొస్తివి? సిక్కి సగమైనావే. ఆ సముద్రం ఊర్లో నీకి తిండి పెట్టరా?”

“అందరికీ తిండి పెట్టేదే నేను గదత్తా.”

భీమమ్మ పెద్దగా నవ్వింది. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా ఎర్రగా ఉంది. టార్పాలిన్ మీద తొడిమలు తీసిన మిరపకాయల గుట్ట పోసి ఉంది. పక్కన స్టీలు చెంబు. ఆమె ఆ చెంబులో చేతులు ముంచి, గుట్టలోకి పోనిచ్చి, కాయల్ని కిందా మీదా చేస్తోంది. ఆమె చెయ్యి పడిన చోటల్లా కాయలు నిగనిగలాడుతున్నాయి. చిన్నప్పటి నుంచి రుక్సార్ వంద సార్లు చూసిన పనే. అలవాటుగా ఎదురుగా కూర్చుని, కబుర్లు చెబుతూనే తనూ చెంబులో చెయ్యి పెట్టింది.

చెయ్యి నూనెతో పైకి వచ్చింది. పచ్చి నూనె. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. స్కూలు నుంచి ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఆదోని నూనె మిల్లుల పక్కన గాలి అంతా అదే వాసన. అప్పుడు నోరూరేది. ఇప్పుడు మాత్రం చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకోసారి వాసన చూసింది.

“అత్తా, ఇదేం నూనె?”

“నూనెంటే నూనే. ఇంగేముంటాది? మొన్న గానుగాడించి తెచ్చినా.”

“శనక్కాయల నూనా?”

“కాకుంటే కిరసనాయిలా? ఏమడుగుతాండావే నువ్వు!”

“నాకు వైజాగుకు పంపిన కారానికి గూడా పట్టించినావా?”

“పట్టించకుండ ఎట్ల దంచేది? దుమ్ము లేసి ఈదంతా తుమ్మి సస్తారు. రంగు నిలబడొద్దా? పురుగు పట్టకుండ ఉండొద్దా? మా యత్త పట్టించె, నేను పట్టిస్తి. కిలోకి ఒక గంటెడు. ఇది లోకమంతా ఎరిగిందే గదా.”

“నేను ఫోన్ జేసి అడిగినా గదత్తా!” రుక్సార్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. “ఒకసారి గాదు, రెండు సార్లు అడిగినా. దాంట్లో శనక్కాయలు ఏమన్నా పడినాయా అని.”

“అడిగితివి. పళ్లేదంటిని. యాడ పడినాయి? మిరపకాయ, ఉప్పు, ఎల్లిపాయ, జిలకర. అంతే. వాటిని తప్ప నేనేమన్నా ఏసింటే నా చేతులు ఇరిగిపోనీ. నూనె సంగతి నువ్వు అడిగితివా?”

అడగలేదు. అడగాలని తోచనే లేదు. హోటలు మేనేజుమెంటు కోర్సు చదివిన మనిషి, ఏ సరుకులో ఏముందో కాగితం మీద రాసి సంతకం పెట్టిన మనిషి, ఆమెకే తోచలేదు. ఆదోనిలో పుట్టినవాళ్లకు శనగనూనె ప్రత్యేకమైన వస్తువు కాదు. మిరపకాయలకు నూనె పట్టించడమంటే బియ్యం కడగడం లాంటిది. అన్నంలో ఏమేం వేశావంటే బియ్యం కడిగిన నీళ్లు ఎవరు లెక్క చెబుతారు?

ఇప్పుడు ఏడో నెంబరు టేబులు సంగతి చెప్పాలి.

ఆ టేబుల్ దగ్గర ఈ పూట భారతి, ఆమె భర్త మహేంద్ర, వాళ్ల కూతురు రూప కూర్చుంటారు. రూపకు ఈ రోజుతో పదేళ్లు నిండుతాయి. ఆ పిల్లకు వేరుశనగ పడదు. పడదంటే దద్దుర్లు వచ్చి పోయే రకం కాదు. ఆరేళ్లప్పుడు స్నేహితురాలి డబ్బాలోంచి ఒక బిస్కెట్టు తిని, పది నిమిషాల్లో గొంతు వాచి, ఊపిరి అందక, రెండు రోజులు ఆస్పత్రిలో ప్రాణాపాయంలో ఉంది. మళ్లీ అలా అయితే వెంటనే తొడకు పొడవాల్సిన ఇంజెక్షను భారతి సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అప్పటి నుంచి ఎంత గొప్ప హోటలుకు వెళ్లినా ఆ పిల్ల ముందు ఇంటి నుంచి తెచ్చిన టిఫిను డబ్బానే. చుట్టూ అందరూ రంగురంగుల పళ్లాల్లో తింటుంటే తను మూత తీసి పెరుగన్నం తినేది.

నెల కిందట భారతి ‘కెరటం’ వంటింటి గుమ్మం దాకా వచ్చి అడిగింది. “అమ్మా, ఒక్కసారి మా పాప అందరిలాగా తినగలదా?” రుక్సార్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, “నాదీ పూచీ” అంది. వేరుశనగ తగిలిన ప్రతి వస్తువునూ వంటింట్లోంచి బయటికి పంపించింది. రాజశేఖర్, “ఎందుకొచ్చిన గొడవ, ఆ అమ్మాయికి విడిగా పెరుగన్నం పెడదాం” అంటే ఒప్పుకోలేదు. “అందరికీ పెట్టిందే పాపకూ పెట్టాల. ఒక్క గీత గూడా తేడా ఉండొద్దు” అని పట్టుబట్టి, అదే మాట కాగితం మీద రాసి పొయ్యి పైన అతికించి మరీ వచ్చింది.

శుద్ధి చేసిన నూనె అయితే చాలామందికి ఏమీ కాదని ఆమె చదువుకుంది. పచ్చి గానుగ నూనె అలా కాదనీ చదువుకుంది. గింజలో ఏది ఆ పిల్లను చంపగలదో అది ఈ నూనెలో మిగిలే ఉంటుంది.

రుక్సార్ లేచి నిలబడింది. ఒంటిగంటకు నాలుగు నిమిషాలు. వడ్డన వరసలన్నీ తను గీసినవే కాబట్టి ఏ నిమిషానికి ఏ గిన్నె బల్ల మీదికి పోతుందో ఆమెకు నోటికి వచ్చు. మూడో వరస ఒకటీ పదికి.

“ఏమైందే? ముఖమట్ల పాలిపోయిందేంది?”

“ఒక పాప తింటాది అత్తా ఆ కారం. శనక్కాయ తగిలితే ఆ పాపకు గొంతు మూసకపోతాది.”

“శనక్కాయకా?” భీమమ్మ నమ్మలేదు. “శనక్కాయ తిని సచ్చినోళ్లని ఈ సుట్టుపక్కల నేను యాడా సూడలేదు. పిల్లోల్లకి పాల కంటె ముందర అదే పెడ్తాం గదే.”

“ఆ పాప సచ్చిపోతాదత్తా!”

ఆ అరుపుకు రోకళ్ల దగ్గరున్న పనామె గబుక్కున మిషను ఆపేసింది. షెడ్డంతా నిశ్శబ్దమైంది. అవతలి ఇంట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించింది.

రుక్సార్ ఫోను తీసింది. వేళ్ల నిండా నూనె. ఒక పేరు నొక్కితే ఇంకో పేరు వస్తోంది, అసలు నొక్కినట్టే కావడం లేదు. చీరకొంగుతో ఫోనూ, ఆమె వేళ్లూ భీమమ్మే తుడిచింది.

ముందు భారతికి. స్విచ్చాఫ్. వెదురు బుట్టలో ఉంటుంది. మహేంద్ర నెంబరు తన దగ్గర లేదు. రెస్టారెంటు నెంబరుకు చేసింది. వీణ వాయిద్యం, తర్వాత ఒక ఆడగొంతు. “కెరటానికి స్వాగతం. మీరు సముద్రాన్ని ఆస్వాదిస్తున్న వేళ మేం ఫోన్లకు దూరంగా ఉంటాం. దయచేసి మూడు గంటల తర్వాత...” మళ్లీ చేసింది. మళ్లీ వీణ. ఆ రికార్డింగు కోసం నలుగురి గొంతులు విని ఈ గొంతును ఎంపిక చేసింది తనే. ఇప్పుడా గొంతు పీక నులమాలనిపించింది.

ఇక మిగిలింది రాజశేఖర్. మూడో ప్రయత్నానికి ఎత్తాడు. ఒకటీ నాలుగు.

“చెప్పండి మేడం. ఎలా జరుగుతుందో చూస్తానన్నారుగా. బ్రహ్మాండంగా జరుగుతోంది.”

“సార్, మూడో వరస ఆపండి. ఏడో నెంబరుకు పంపొద్దు. కారంలో శనక్కాయ ఉంది.”

వెనక గరిటెలు, నీళ్ల చప్పుడు.

“లేదని సంతకం పెట్టింది ఎవరు?”

“నేనే సార్. తప్పు నాదే. నాకు ఇప్పుడే తెలిసింది. మిరపకాయలకు నూనె పట్టిస్తారు...”

“నూనా?” రాజశేఖర్ నవ్వాడు. “నూనెతో ఏమీ కాదని నాకు పాఠం చెప్పింది నువ్వే కదా రుక్సార్. పోయిన నెల అరగంట చెప్పావు. ఈ పూట ఆ ఒక్క వరస ఆపేస్తే ఏమవుతుందో నీకు తెలుసు, నాకూ తెలుసు. మొత్తం విందుకు గుండెకాయ అదే. ఇదేనా నువ్వు చూస్తానన్నది?”

“సార్, నా పేరు వద్దు, నాకేం వద్దు. కార్డు మీద మీ పేరే ఉంచుకోండి. కాళ్లు పట్టుకుంటా. అది ఆ నూనె కాదు, గానుగ...”

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే స్విచ్చాఫ్.

నిజానికి రాజశేఖర్ దుర్మార్గుడేమీ కాదు. కీర్తి యావ ఉన్న మనిషి. పగబట్టిన మనిషి చెప్పింది నమ్మకపోవడం ఎవరైనా చేసే పనే. తన మాటను నమ్మదగని మాటగా చేసుకున్నది తనేనని రుక్సార్‌కు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది. ఏడవడానికి కూడా వ్యవధి లేదు.

“ఇంగెవురూ లేరా ఆడ?” భీమమ్మ ఆమె భుజం పట్టుకుని కుదిపింది. “మన పక్కోళ్లు ఎవురన్నా? ఆలోసించే!”

మన పక్క వాళ్లు. బాలరాజు! దేవనకొండ మనిషి, నలభై అయిదేళ్లు, వానల్లేక చేను బీడు పెట్టి పనికోసం వస్తే తనే అక్కడ గిన్నెలు కడిగే పనిలో పెట్టించింది. గిన్నెలు కడిగేవాడి దగ్గర ఫోనుంటుందని ఎవరికీ తట్టక, ఎవరూ అడగక, అది సింకు పైన అలమారలో పాలిథిన్ కవరులోనే ఉండిపోతుంది. ఇంతసేపూ గుర్తుకు రానందుకు తనను తాను తిట్టుకుంటూ నెంబరు వెతికింది. ఒకసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగుతూనే ఉంది. ఒకటీ పది దాటింది. పదకొండు. పన్నెండు.

“ఎవురూ? రుక్సారమ్మా? చేతులు తడిగుండె...”

“బాలరాజన్నా, ఉగ్గాణి గిన్నెలు బయటికి పోయినాయా?”

“పోయినాయమ్మా.”

“ఏడో నెంబరుకు గూడా?”

“అది మొదట్లోనే పోయింది. పుట్టినరోజు పాప ఉందని ఆ టేబులుకు ఐదు నిమిషాలు ముందే పంపినారు. ఇప్పుడు గిన్నెలు గూడా తిరిగి వచ్చినాయి. అవే కడుగుతాండా.”

రుక్సార్ ఫోనును రెండు చేతుల్లోకి తీసుకుంది.

“పాప గిన్నె... చిన్న స్పూను ఏసి పంపింటారు. దాంట్లో ఏమన్నా మిగిలిందా అన్నా? సూసి సెప్పు. నిజం సెప్పు.”

“ఈడే ఉందమ్మా. ఏం మిగల్లా. అంచు మీద కారం గీత గూడా ఏలితో తుడ్సుకొని తినినట్టుంది పాప.” బాలరాజు గొంతులో సంతోషం. “నీ వంట అంత బాగుంది మ్మా. ఈడుంటే సూసి మురిసిపోతాంటివి.”

ఎన్నాళ్లుగానో ఆ మాట కోసమే ఆమె వండింది. ఏ పసిపిల్లయినా తన గిన్నెను వేలితో తుడుచుకుని తినాలని. ఇప్పుడు ఆ మాటను మధ్యలోనే తుంచేసింది.

“అన్నా, బాగ విను. మధ్యలో అడగొద్దు. ఆ పాపకు ఆ కారం ఇసం. ఉన్నపళాన హాలు లోపలికి పో. వాళ్లమ్మ పేరు భారతి. ఆమె సంచిలో ఇంజెక్షను ఉంటాది, దాన్ని పాప తొడకు పొడవమను. రుక్సార్ సెప్పిందను. కారంలో శనక్కాయ ఉందను.”

“హాల్లోకా? నేనా?” బాలరాజు గొంతు సన్నబడింది. “ఈ గుడ్డల్తోనా? పెద్ద సారు సూస్తే...”

“అన్నా, పాప సచ్చిపోతాది.”

ఒక్క క్షణం నీళ్ల చప్పుడు. తర్వాత గిన్నె ఏదో కింద పడిన శబ్దం, రబ్బరు బూట్లు తడి నేల మీద పరుగెత్తే శబ్దం. ఎవరో “ఏయ్, నువ్వెక్కడికి?” అన్నారు. రెండు రెక్కల తలుపు ధన్ మని తెరుచుకుంది. అంతే, ఫోన్లో మరో లోకం వినిపించింది. సన్నటి సంగీతం, వెండి చెంచాలు పింగాణీకి తగులుతున్న శబ్దం, ఎక్కడో మెత్తగా నవ్వు. ఎమ్మిగనూరు రేకుల షెడ్డులో కారం ఘాటు మధ్య నిలబడి రుక్సార్ ఆ నవ్వులు వింది. ఎవరికీ ఏమీ తెలియదు.

“రుక్సారమ్మా, ఏడో నెంబరు తాన ఉండా.” బాలరాజు రొప్పుతున్నాడు. “నాయన ఉండాడు. అమ్మ ఉండాది. నవ్వుకుంటాండారు. పాప కుర్చీలో లేదు.”

“యాడికి పోయింది? అడుగన్నా, అడుగు!”

“అమ్మా, మీ పాప యాడమ్మా?”

భారతి గొంతు దూరంగా, కాస్త అయోమయంగా వినిపించింది. “రూపా? గొంతులో ఏదో గరగరగా ఉందని, నోరు కడుక్కొస్తానని బాత్రూమ్‌కు వెళ్లింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాం. ఎవరు నువ్వు? ఏమైంది?”

“శనక్కాయ ఉందంటమ్మా దాంట్లో! రుక్సారమ్మ సెప్పింది. సంచిలో ఇంజెక్షను తియ్యండమ్మా, పరిగెత్తండి!”

కుర్చీ వెనక్కి పడింది. సంచి బల్ల మీద బోర్లించిన శబ్దం, తాళాలు, సీసాలు, నాణేలు రాలిన శబ్దం. భారతి కేక వేసింది. ఆ కేకకు సంగీతం ఒక్కటి తప్ప హాల్లో అన్నీ ఆగిపోయాయి. రబ్బరు బూట్లు మళ్లీ పరుగెత్తాయి. తర్వాత పిడికిలితో తలుపు మీద బాదడం వినిపించింది.

“పాపా! తలుపు తియ్ పాపా! రూపమ్మా!”

రుక్సార్ ఫోనును చెవికి అదుముకుంది. భీమమ్మ తన చెవి కూడా దానికి ఆనించింది. బాదుడు ఆగింది. గడియ తీసిన చప్పుడు రాలేదు.

“లోపల గడియ ఏసుకుందమ్మా,” అన్నాడు బాలరాజు. గొంతు ఏడుపులోకి దిగింది. “కొళాయి పోతానే ఉంది. ఎవురూ కట్టల్యా.”